గుండు మారింది, మందు మారలేదు

నేను చుక్క కూడా ముట్టని మందుకు నా కొలువు పోయింది. ఈ మాట చెబితే వినేవాళ్లు ముందు నవ్వుతారు. నవ్వడం అయ్యాక "నిజం చెప్పు, కొంచెమన్నా తాగినవా" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. అందుకే ఒకసారి మొదటినుంచి రాసి పెడుతున్నాను. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లకు దణ్ణం.

మాది జగిత్యాల వైపు ఒక ఊరు. మా ఊరివాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. నేను బహ్రెయిన్‌లో ఉంటానని పదేపదే చెప్పినా "దుబాయి నుంచి ఎప్పుడు వచ్చినవ్" అనే అడుగుతారు. మా దగ్గర పుట్టుకకూ కల్లే, చావుకూ కల్లే. దావత్ చేసి సీసా పెట్టకపోతే ఆ ఇంటివాళ్లను ఏడాదిపాటు చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో నేను తాగనివాణ్ణి. అందులో గొప్ప ఏమీ లేదు, ఆ వాసన నాకు పడదు, అంతే. కానీ మా ఆవిడకు మాత్రం అది గొప్పే. వాళ్ల నాయన తాగి తాగి ఇంటిని గుల్ల చేసి పోయాడు. నేను పెళ్లిచూపులకు పోయినప్పుడు చదువెంత, పొలమెంత అని వాళ్లేమీ అడగలేదు. తలుపు చాటు నుంచి ఆమే అడిగించింది, పిలగాడు తాగుతాడా అని. తాగడని తేలాకే పెళ్లి. ఊళ్లో ఆడవాళ్లు మొగుళ్ల గురించి చెప్పుకుని ఏడ్చేచోట మా ఆవిడ ఒక్కతే తల ఎత్తుకుని కూర్చునేది. దుబాయి సొమ్ము ఎవరింటికైనా వస్తుంది, తాగని మొగుడు ఎవరింటికి వస్తాడు అనేది. నాకు ఉన్న ఆస్తల్లా ఆ మాటే.

బహ్రెయిన్‌లో అవాలి అనే ఊరు దాటి కిందికి పోతే ఎడారిలో చమురు పంపులు తలలు ఊపుతూ ఉంటాయి. ఆ దారిలో ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. మనుషులను సప్లై చేసే కంపెనీ వీసా మీద వచ్చిన నన్ను అక్కడ పడేశారు. పెద్దమనుషులు వచ్చి తుపాకులు, రివాల్వర్లు కాల్చి పోతారు. వాళ్లు కాల్చిన తర్వాత కింద పడ్డ ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరడం, కడిగి ఎండబెట్టడం, చిల్లులు పడ్డ కాగితం బొమ్మలు తీసి కొత్తవి పెట్టడం నా పని. మొదటిరోజే అప్పుడే పడ్డ గొట్టాన్ని పట్టుకున్నాను. అది పొయ్యిలోంచి తీసినట్టు ఉంది. "అబ్బ, సుర్రుమన్నదే" అని చెయ్యి విదిలించుకున్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు.

"తెలుగోడివా తమ్ముడూ?"

అలా పరిచయమయ్యాడు అన్న. కోనసీమ మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. క్లబ్బులో ఒక తాళం గదిలో ఒక్కడే కూర్చుని రివాల్వర్ తూటాలు నింపేవాడు. బజారు తూటాల కన్నా ఇక్కడ చేత్తో నింపినవే మెత్తగా, గురిగా పోతాయని పెద్దమనుషుల నమ్మకం. బల్లకు బిగించిన చిన్న మిషను, దానికి పొడుగాటి చేతికర్ర. నేను కడిగిన గొట్టాన్ని సరి చేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ ఎక్కించి, లోపల కొలత ప్రకారం పొడి పోసి, పైన సీసం ముక్క కూర్చోబెట్టి, కర్ర నొక్కితే తూటా తయారు. క్లబ్బులో అందరూ పౌడర్ అనేవాళ్లు, బుల్లెట్ అనేవాళ్లు. మా ఇద్దరికీ ఆ మాటలు అక్కర్లేకపోయాయి.

"ఇదిగో, ఇది మందు. ఇది గుండు," అని చూపించాడు అన్న. "రెండూ కలిస్తే మందుగుండు. మనకి ఏడాది పొడుగునా దీపావళే, ఆయ్!"

అప్పుడే సెలవుకు పోయి తిరుపతిలో మొక్కు తీర్చుకుని వచ్చాడేమో, అతని తల నున్నగా మెరుస్తోంది. "ఏ గుండు అన్నా?" అన్నాను నేను. అతను తల నిమురుకుంటూ కడుపుబ్బ నవ్వాడు. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు, మలయాళం చెవుల్లో పోసుకుని పొద్దంతా తిరిగేవాడికి ఒక తెలుగు నవ్వు దొరికితే ఎట్లా ఉంటుందో ఇంటిదగ్గర ఉన్నవాళ్లకు తెలియదు. ఆరోజు నుంచి ఆ గది నాకు మా అక్కవాళ్ల ఇల్లులా ఉండేది. మందు అనే మాట ఆయనే నాకు ఇచ్చాడు. ఇది మర్చిపోకండి.

శుక్రవారాలు మాకు సెలవు, అన్న వంట చేసేవాడు, నేను కూరగాయలు తరిగేవాణ్ణి. బియ్యం సంచి మారిన ప్రతిసారీ ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. "కొత్త సంచి విప్పావంటే పాత ఎసరు మర్చిపోవాలి తమ్ముడూ. అదే డబ్బాతో కొలిచినా సరే, ఇవి కొత్త బియ్యం. పాత ఎసరు పోస్తే జావే. గుండు కూడా అంతే. గుండు మారిందంటే మందు కొలత మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి. తక్కువతో మొదలెట్టాలి." ఇది ఆయనకు ఒక పాత విదేశీ కోచ్ నేర్పాడట. ఆ కోచ్ అప్పటికే తన దేశం పోయాడు. నేను తల ఊపి ఉల్లిపాయలు కోసుకునేవాణ్ణి. నాకెందుకా కొలతలు, మందు ముట్టుకునే పని నాది కాదు.

ఒక చలికాలం క్లబ్బులో పోటీ పెట్టారు. ఎప్పుడూ వాడే గుండ్లు అయిపోయాయి, కొత్త సామాన్ పోర్టులో ఆగిపోయింది. మేనేజరు గది గుమ్మంలో నిలబడి "కుఛ్ భీ కరో, మేనేజ్ కరో" అని పోయాడు. ఆ ఒక్క మాట మీద గల్ఫ్‌లో ఎన్ని వేళ్లు తెగాయో, ఎన్ని నడుములు విరిగాయో దేవుడికే తెలియాలి. అన్న అల్మారా అంతా వెతికి మూల నుంచి వేరే రకం గుండ్ల డబ్బా తీశాడు. మేము వాడేవి ముక్కు గుండ్రంగా ఉండి, సగం గొట్టంలో కూర్చుని సగం బయటికి తల పెట్టి చూసేవి. ఇవి ముందు భాగం కోసేసినట్టు చదునుగా ఉన్నాయి. కాగితం మీద చిల్లు శుభ్రంగా పడుతుందని ఎవరో ఎప్పుడో తెప్పించారట. వీటిని ఎక్కిస్తే గుండు మొత్తం గొట్టంలోకి దిగిపోతోంది, బయటికి ఏమీ కనిపించదు.

అన్న ఒక పాతది, ఒక కొత్తది తూకం మీద పెట్టి చూశాడు.

"చూశావా తమ్ముడూ, బరువు ఒకటే. కొలత కదపక్కర్లేదు. గబగబా నింపేద్దాం."

"గుండు మొత్తం లోపటికే దిగుతుంది గదా అన్నా," అన్నాను. "మరి మందుకు జాగ ఏడుంటది?"

"జాగా కావాల్సింది నీకూ నాకూనయ్యా, బంకు బెడ్డు మీద. మందుకెందుకూ?"

జాగ తగ్గితే అదే మందు ఇంకా బలంగా పేలుతుందని నాకప్పుడు తెలియదు, నేనేదో తెలిసి అడగలేదు. సంచిలో దుప్పటి కుక్కుతుంటే లోపలి చొక్కా నలుగుతుందేమో అని అడుగుతామే, అట్లా అడిగాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ప్రతి శుక్రవారం చెప్పిన ఎసరు పాఠం ఆయనకే గుర్తు రాలేదు. బియ్యం విషయంలో అంత జాగ్రత్తగా ఉండే మనిషి, మేనేజరు గుమ్మంలో నిలబడేసరికి అన్నీ మర్చిపోయాడు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే.

పోటీకి ముందు ఒక ఉదయం పెద్దమనుషులు చెయ్యి అలవాటు చేసుకోవడానికి వచ్చారు. డబ్బాలు మోసుకొచ్చి బల్లల మీద పెట్టింది నేనే, అది నా డ్యూటీ. అన్న మాత్రం లోపల గదిలో ఉండిపోయాడు. నా వైపు బల్ల దగ్గర ఒక బహ్రెయినీ పెద్దాయన నిలబడ్డాడు. రిటైరైన మనిషి. వచ్చిన ప్రతిసారీ జేబులోంచి ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టేవాడు. నా పేరు పలకడం రాక "యా అఖూయ్" అనేవాడు, అంటే ఓ తమ్ముడూ అని. ఆ దేశంలో నన్ను తమ్ముడూ అని పిలిచేవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు.

ఆయన కాల్చిన మొదటి దెబ్బకే నాకు తేడా తెలిసింది. మా తూటాలది ఎప్పుడూ మందపాటి చప్పుడు, తలుపు మూసినట్టు. ఇది చెవిలో చరిచినట్టుంది. ఆయన చెయ్యి ఎగిరిపడుతోంది. ఆరూ కాల్చాక తూటాలు పెట్టే చక్రం బయటికి తీసి పుల్ల నొక్కితే ఖాళీ గొట్టాలు జలజలా రాలాలి, అవి రాలలేదు. ఆయన అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టి ఊడదీశాడు. నాకు భయం పుట్టింది. ఫోన్ తీసి వాట్సాప్‌లో అన్నకు మాట రికార్డు చేసి పంపాను. నేను అన్న మాటలు ఇవి, ఇప్పుడు మా మండలమంతటికీ కంఠస్థం కాబట్టి నాకు మరపు వచ్చే అవకాశం లేదు:

"అన్నా, మందు ఎక్కువైంది అన్నా. చెయ్యి మస్తు అదురుతుంది. ఇంకో రౌండ్ ఏస్తే ఏమైతదో. నువ్వు జల్ది రా."

అన్న విన్నాడు. విన్నట్టు ఆ రెండు గీతలు నీలంగా మారాయి. కానీ రాలేదు. నేను సూపర్‌వైజర్ దగ్గరికి పోయి "సాబ్, రుకో, ప్రాబ్లం హై" అన్నాను. అతను డబ్బా వైపు చూసి "క్లబ్ కా మాల్ హై, సేమ్ హై" అన్నాడు. పెద్దాయన నా ముఖం చూసి నవ్వి, "ఖలాస్, ఇదే ఆఖరు" అన్నట్టు వేలు చూపించి మళ్లీ ఆరు ఎక్కించుకున్నాడు.

ఎన్నో తూటాకో రివాల్వర్ పగిలింది. చక్రంలో ఒక గది విచ్చుకుపోయి, దాని పైనున్న ఇనుప పట్టీ లేచిపోయింది. ఆయన బొటనవేలి మొదట్లోంచి నెత్తురు ధారగా కారింది. కళ్లద్దాలు పెట్టుకోబట్టి కళ్లు దక్కాయి. నా మెడలోని తువ్వాలు తీసి ఆయన చెయ్యి చుట్టి పట్టుకున్నాను. అంబులెన్సు వచ్చేదాకా ఆయన రెండో చేత్తో నా భుజం తడుతూనే ఉన్నాడు, దెబ్బ తగిలింది నాకే అన్నట్టు. తర్వాత చెయ్యి నయమైందని, బొటనవేలు మాత్రం సరిగా వంగదని విన్నాను.

మర్నాడు మమ్మల్ని ఆఫీసుకు పిలిచారు. మేనేజరు, సూపర్‌వైజర్, కంపెనీవాళ్ల మనిషి ఒకడు, నేను, అన్న. ఎవరు ఎవరికి ఏం మెసేజ్ పంపారో చూడాలని ఫోన్లు బల్లమీద పెట్టమన్నారు. నా మాట వినిపించారు. నా గొంతు ఆ ఏసీ గదిలో వింటుంటే నాకే ధైర్యం వచ్చింది. ఇక భయం లేదు, ముందే చెప్పానని తేలిపోతుంది అనుకున్నాను. తెలుగు ఎవరికి వస్తుందని అడిగితే క్లబ్బు డ్రైవర్‌ను పిలిచారు. హైదరాబాద్ పాతబస్తీ భాయ్. మంచివాడు, నామీద అతనికి ఏ పగా లేదు. అతని తెలుగు బస్టాండు తెలుగు. ఒకసారి విని, ఇంకోసారి విని, ఇబ్బందిగా నావైపు చూసి చెప్పాడు.

"సాబ్, బోల్ రహా హై కీ దారూ జ్యాదా హో గయా. హాథ్ కాంప్ రహా హై. ఔర్ ఏక్ రౌండ్ మారేగా తో క్యా హోగా మాలూమ్ నహీ. జల్దీ ఆవ్, బోల్ రహా హై."

 నాకు మొదట నవ్వొచ్చింది, నిజంగా. ఎందుకంటే అతను ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. మందు ఎక్కువైంది, చెయ్యి అదురుతోంది, ఇంకో రౌండ్ వేస్తే ఏమవుతుందో. ఏ కల్లు దుకాణం ముందు నిలబెట్టి వినిపించినా ఎవరైనా అదే అర్థం చెబుతారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను తాటిచెట్టు మొలవని దేశంలో పాలు కూడా తాగకుండా దొరికిపోయాను. పైగా బహ్రెయిన్‌లో మందు దొరకదనడానికి లేదు. వారాంతం వస్తే దానికోసమే సౌదీ నుంచి వంతెన దాటి కార్లు వరసకట్టి వస్తాయి. నాకెక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు.

"సాబ్, మందు మత్లబ్..." అని మొదలుపెట్టాను. హిందీలో మాట రాలేదు. మందుకు హిందీలో ఏమంటారో వెతుక్కుంటే నోటికి తగిలింది ఒక్కటే. "మందు మత్లబ్ దవాయి, సాబ్!"

"డ్యూటీలో ఏం దవాయి తింటున్నావ్?" అన్నాడు మేనేజరు.

"నహీ సాబ్, పౌడర్, పౌడర్!"

"మరి పౌడర్ అనే చెప్పొచ్చు కదా. ఇక్కడ అందరూ పౌడరే అంటారు."

నేను అన్న వైపు చూశాను. మేనేజరు కూడా అటే చూశాడు. "నువ్వు చెప్పు. మందు అంటే ఏమిటి?"

అన్న తలమీద అప్పటికి వెంట్రుకలు మొలిచాయి. తల దించుకుని, చేతులు కట్టుకుని చెప్పాడు.

"మందు అంటే దారూ, సాబ్. దవాయిని కూడా అంటారు."

అక్కడితో ఆపాడు. మూడో అర్థం చెబుతాడని చూశాను. నా మొదటిరోజు మిషను పక్కన నిలబెట్టి నేర్పిన అర్థం. దీపావళి అర్థం. ఆయన దాన్ని మింగేశాడు.

"అన్నా, చెప్పన్నా," అన్నాను తెలుగులో. "నువ్వే గదన్నా మందు అన్నది. గుండు మారింది, మందు మారలేదని చెప్పన్నా."

డ్రైవర్ భాయ్ అది కూడా తర్జుమా చేయబోయి, "గుండు బోలే తో టక్లా, సాబ్" అని బోడితల అర్థం చెప్పి ఆగిపోయాడు. కంపెనీ మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. డబ్బాలు బయటికి ఎవరు తెచ్చారు అని మేనేజరు అడిగితే, "తమ్ముడే తెచ్చాడు సాబ్" అన్నాడు అన్న. అదీ నిజమే. తాగిన మత్తులో, లోపల పనికిరాదని పక్కన పెట్టిన డబ్బా తీసుకొచ్చి బల్లమీద పెట్టానని వాళ్లకు వాళ్లే కథ కట్టుకున్నారు. ఆ డబ్బా పక్కన పెట్టిందా కాదా అని అన్నను ఎవరూ అడగలేదు, అడగనిదానికి ఆయన చెప్పలేదు. నా రక్తం తీసి చూడండి సాబ్ అని మొత్తుకున్నాను. నిన్నటి మందు ఇవాళ రక్తంలో ఉంటుందా అన్నాడు సూపర్‌వైజర్. అదీ నిజమే! ఆరోజు ఆ గదిలో అందరూ నిజాలే మాట్లాడారు, నేనే అబద్ధాలకోరును.

గల్ఫ్‌లో మందూబ్ అని ఒకడు ఉంటాడు. కంపెనీ తరఫున కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. మనవాళ్లు ఆ పేరు విన్నప్పుడల్లా మందుబాబు అని నవ్వుకుంటారు. నేనూ నవ్వినవాణ్ణే. మందు పేరుతో పోయిన నన్ను ఆ మందూబే వచ్చి కారెక్కించుకుని సిత్రా అనేచోట దించాడు. దేవుడికి కూడా ఎగతాళి తెలుసు. అక్కడ కంపెనీ క్యాంపు, చమురు ట్యాంకులు కడిగే పని. అన్న గేటు దాకా కూడా రాలేదు. గది తలుపు వేసి ఉంది, లోపల మిషను కర్ర చప్పుడు మాత్రం వినిపించింది.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణే కాదు. కొలువులు పోతుంటాయి, వస్తుంటాయి. ట్యాంకు మురికి ఒళ్లు రుద్దుకుంటే పోతుంది. కానీ తర్జుమా కోసం డ్రైవర్ భాయ్ ఫోన్‌కు పంపిన నా మాట అతని దగ్గరే మిగిలింది. అతను నవ్వులకు ఎవరికో పంపాడు. వాళ్లు ఇంకెవరికో పంపారు. చివరకు మా ఊరి వాట్సాప్ గుంపులో పడింది. నా గొంతే, మా యాసే, నా సొంత మాటలే. "దుబాయి పోయి మొదలువెట్టిండు" అని ఒకరు, "ఇన్ని రోజులు ఎంత నాటకం" అని ఒకరు. నేను ఫోన్ చేసేసరికి మా ఆవిడ అప్పటికే విన్నది.

"నీ గొంతే గద," అంది.

మొత్తం చెప్పాను. గుండు, మందు, గొట్టం, పెద్దాయన చెయ్యి, అన్న, మేనేజరు. ఆమె అంతా విన్నది. చివర "సరే తియ్" అంది. తర్వాత, "మా నాయిన గూడ గిట్లనే చెప్పెటోడు. ఎన్నడు తాగొచ్చినా ఒక పెద్ద కత ఉండేది. మంచిగనే ఉండేది ఆ కత," అంది.

ఆమెను నేను తప్పుపట్టను. నా కోపం ఆమెమీద కాదు. చిన్నప్పటినుంచి చెవి అట్లా తయారైంది, ఏం చేస్తుంది. అప్పటినుంచి మా ఫోన్లు మారిపోయాయి. పూర్వం ఎత్తగానే తిన్నవా అనేది. ఇప్పుడు ఎత్తి ఊరకే ఉంటుంది. నేను మాట్లాడేదాకా ఆగి, మాట ముద్దగా వస్తోందా, సాగుతోందా అని వింటుంది. నాకు తెలుస్తుంది. నేను కూడా పరీక్ష రాసేవాడిలా ఒక్కో అక్షరం విడిచి విడిచి పలుకుతాను. ఒకసారి జ్వరం వచ్చి గొంతు పోయింది. ఏమైంది అని అడిగింది. "ఏం లేదు, మందు ఏసుకున్న, తగ్గుతది" అన్నాను.  లైను పోయిందేమో అనుకున్నాను, పోలేదు. అప్పటినుంచి గోలి అంటాను, ట్యాబ్లెట్ అంటాను. దగ్గు అయితే సిరప్ అంటాను. మందు అనే మాట నా నోట్లోంచి తీసేసుకున్నాను. మా అమ్మ నాకు పసరు పోస్తూ నేర్పిన మాట అది.

మొన్న ఒక శుక్రవారం రాజధాని మనామాలో గుడి సందులో పూలు కొంటుంటే వెనకనుంచి "తమ్ముడూ" అని వినిపించింది. తిరగకముందే తెలిసింది. అన్న బాగా నలిగిపోయాడు, తల మళ్లీ గుండు. ఈసారి మొక్కు కాదట, ఊడిపోయిందట. చాయ్ తాగుదామన్నాడు. వద్దన్నాను. అయినా పక్కనే నడిచాడు. చాలాసేపు క్లబ్బు సంగతులు చెప్పాడు. తూటాలు నింపడం మానిపించారట, ఇప్పుడన్నీ బజారువేనట. ఆ గదిలో కుర్చీలు వేశారట. చివరకు అసలు సంగతికి వచ్చాడు.

"నేను ఆరోజు ఒక్క అబద్ధమైనా ఆడానా, నువ్వే చెప్పు."

"లేదన్నా. గదే నా ఏడుపు. ఒక్కటన్న ఆడితే దొరుకుదువు."

"నన్ను ఫ్లైటు ఎక్కించేసుంటే మా ఇంట్లో పరిస్థితి ఏమయ్యేదో నీకు తెలుసు కదా."

"మా ఇంట్ల ఏమైందో నీకు ఎరికేనా?"

ఎరుక లేదు. సందు మూలన నిలబెట్టి చెప్పాను. ఊరి గుంపు, మా ఆవిడ, ఫోన్లు, జ్వరం. అరిచే చెప్పాను అనుకుంటా, పూలమ్మే మనిషి తిరిగి చూశాడు. అన్న ముఖం వాడిపోయింది. "చెల్లెమ్మకి ఫోన్ కలుపు. నేను చెప్తాను. జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను," అన్నాడు. ఎన్ని శుక్రవారాలు ఆ మాట కోసం చూశానో. కలిపి ఇచ్చాను.

అన్న చెప్పాడు. దాచకుండా చెప్పాడు. గుండు మార్చింది తనేనని, కొలత మార్చనిది తనేనని, తమ్ముడు ముందే హెచ్చరించాడని, మేనేజరు అడిగితే మందుకు మూడో అర్థం తను మింగేశానని. "మీ ఆయన చుక్క ముట్టడమ్మా, బంగారం లాంటి మనిషి. పాపం నాది," అన్నాడు. అతని గొంతు వణికింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇన్నేళ్లు రానివన్నీ ఒక్కసారే కళ్లలోకి వచ్చాయి, చొక్కా చేతికి తుడుచుకున్నాను. అవతలనుంచి ఆమె "ఆఁ అన్నా, సరే అన్నా, మంచిదన్నా" అనడం వినిపించింది. అన్న ఫోన్ నా చేతిలో పెట్టాడు. గుడి మెట్లు దిగినవాడిలా ముఖం తేటపడింది.

"విన్నవా?" అన్నాను.

"విన్న," అంది. గొంతు తగ్గించి అడిగింది. "ఎవరాయన? నీతోని కూసునేటాయనా?"

నేను ఫోన్ ఇంకా గట్టిగా చెవికి నొక్కుకున్నాను.

"మా నాయినకు గూడ తాగే జత ఒగాయన ఉండె. గిట్లనే వచ్చి చెప్పెటోడు, బంగారమమ్మా, చుక్క ముట్టడమ్మా అని. గాయన గొంతు గూడ గిట్లనే వణుకుతుండె." తర్వాత మామూలుగా అంది. "ఇయ్యాల శుక్రారం, సెలవు గద. వీడియో పెట్టు, ఒకపారి చూస్త."

వీడియో పెట్టాను. అన్న ఇంకా నా భుజం పక్కనే నిలబడి, తెరలో ఆమెను చూసి నమస్కారం పెట్టాడు. ఆమె అతన్ని చూసింది, నన్ను చూసింది. చాలాసేపు నన్నే చూసింది.

"కండ్లెందుకు గట్ల ఎర్రగున్నయ్?" అంది.